మళ్ల నువ్వు చెప్పు

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఏటా ఒక పాఠం చెబుతాను. ఒక మనిషి మనసులోని సంగతి ఇంకో మనిషికి ఎట్లా చేరుతుందనేది ఆ పాఠం. బోర్డు మీద చెప్పేవాళ్లకు ఒక గడి, వినేవాళ్లకు ఒక గడి, మధ్యలో ఒక బాణం గీయాలి. ఆ బాణం మీద అడ్డంకులు రాయాలి: చప్పుడు, భాష, భయం, తొందర. చివర్లో వినేవాళ్ల గడి నుంచి చెప్పేవాళ్ల గడికి కింది వైపుగా తిరిగొచ్చే ఇంకో బాణం. విన్నదేమిటో తిరిగి చెప్పడం అన్నమాట. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి పిల్లలు ఆ పటాన్ని చక్కగా దించుకుంటారు. ఆ గడుల్లో ఉండేది మనుషులని వాళ్లకు తోచదు. పెద్దనాయిన లేకపోతే నాకూ తోచేది కాదేమో.

ఈ ఏడు ఆ కింది బాణం దాకా వచ్చి ఆగిపోయాను. మేడం మరిచిపోయిందనుకొని ముందు బెంచీ అమ్మాయి మెల్లగా అందించింది, 'ప్రతిస్పందన మేడం' అని. మరిచిపోలేదు. ఆయన పోయాక ఆ పాఠం చెప్పడం అదే మొదటిసారి.

పెద్దనాయినకూ నాకూ రక్తసంబంధం లేదు. పాన్‌గల్ దగ్గర మా ఊళ్లో అందరికీ అందరితో ఏదో ఒక వరస ఉంటుంది, ఆ వరసన పెద్దనాయిన. వయసులో ఉన్నప్పుడు వాడకట్టులో అందరిలాగే బొంబాయి, పుణె పనులకు పోయి, ఒక మోకాలు మడత పడకుండా అయ్యాక తిరిగొచ్చాడు. ఆయన వచ్చాడు గానీ ఊరి జనం ఇంకా అక్కడి పనుల్లోనే ఉన్నారు. మేస్త్రీలందరి దగ్గరా ఆయన నంబరు ఉండేది. ఎక్కడ ఏ బిల్డింగు మీది నుంచి ఎవరు పడినా, ఎవరికి గుండె ఆగినా, ముందు ఫోను ఆయనకే వచ్చేది. అట్లా ఇంటివాళ్లకు చావు కబురు చెప్పే పని ఆయన మీద పడింది. ఎవరూ అప్పగించలేదు. ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆయన దగ్గర ఉండిపోయింది.

మా దిక్కు చావు కబురు చెప్పడానికి ఒక మర్యాద ఉంది. మనిషి పోయాక కూడా పోయాడని అనరు. 'సీరియస్‌గ ఉంది, జల్ది రా' అంటారు. చెప్పేవాళ్లకు నిజం తెలుసు. వినేవాళ్లలో సగం మందికి ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసు, అయినా తెలియనట్టే బయల్దేరతారు. దూరం నుంచి వచ్చే మనిషి దారిలో గుండె పగిలి కూలిపోకూడదని చేసుకున్న ఏర్పాటు అది. దయ లేక చేసింది కాదు. కానీ పెద్దనాయిన ముందు ఆ మాట ఎత్తితే ఆయనకు ఒళ్లు మండేది.

ఎందుకో ఒకసారి నాకు చెప్పాడు. వాళ్ల నాయిన పోయినప్పుడు ఆయన బొంబాయిలో ఉన్నాడు.

"నాకు గట్లనే ఫోన్ జేసిండ్రు బిడ్డా, సీరియస్‌గ ఉంది రమ్మని. రైలెక్కిన. సోలాపూర్‌ల దానిమ్మకాయలు కొన్న, ఒంట్లె రక్తం పడ్తదని. దారి పొడుగునా నాయినతోని మాట్లాడుకుంట వచ్చిన. ఇల్లు అమ్మైన సరే నిన్ను హైద్రాబాద్ తీస్కపోత నాయినా, నీకు ఏం గానియ్య అని. ఊర్లె దిగి మలుపు తిరిగితే మనోళ్లు బొంద పెట్టొచ్చి బోరింగు కాడ కాళ్లకంటిన మట్టి కడుక్కుంటుండ్రు. ఎండకాలమాయె, ఆగలేకపోయిండ్రు. దానిమ్మకాయల సంచి పట్టుకోని గక్కడ్నే నిలబడ్డ. నా మీద ప్రేమతోనే, పావురంతోనే అబద్ధం జెప్పిండ్రు, నాకు తెల్వదా? కాని దారంతా నేను మాట్లాడిన మాటలు ఎవరికి ముట్టినయి?"

  అనేసి, మజ్జిగలో ఇంకింత ఉప్పు వేయమని పెద్దమ్మకు గిలాస అందించాడు.

ఆయన మాటల మనిషి కాదు. చేతల మనిషి. చావు కబురు చెప్పడానికి పోయినప్పుడు బండిని ఊరి బయటే ఆపేవాడు. ఆ కాలితో అంత దూరం కుంటుకుంటూ నడిచి పోయేవాడు. వాకిట్లో బండి ఆగిన చప్పుడు వింటే తాను నోరు తెరవకముందే కబురు పోతుందని, అది కూడా సగమే పోతుందని ఆయన భయం. ఇంటికి పోయాక ముందు 'తిన్నరా?' అని అడిగేవాడు. తినకపోతే తిననిచ్చేవాడు. పక్కన ఒక మనిషి ఉండేట్టు చూసుకునేవాడు. కూర్చోబెట్టేవాడు, తానూ ఆ కాలు చాపుకొని కిందనే కూర్చునేవాడు. ఆ తర్వాత ఒక్క మాట. 'నీ కొడుకు చనిపోయిండు.' కాలం చేసిండని గానీ, లేడని గానీ, ప్రభువు పిలుచుకున్నాడని గానీ అనేవాడు కాదు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే. పాస్టరుగారికి కూడా నిక్కచ్చిగా చెప్పేశాడట, ముందు నా మాట కానియ్యండి, తర్వాత మీ మాట చెప్పుకోండి అని.

ఇట్లా కొన్నాళ్లు గడిచేసరికి ఆయనకు కొత్త చిక్కొచ్చింది. ఏ వాకిట్లో అడుగుపెట్టినా ఆ ఇంటి ఆడవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఆయనే కబురైపోయాడు. మూల మలుపులో ఆయన కుంటి నడక కనపడితే చాలు, కొడుకులు దూరాన ఉన్న తల్లులు తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లు. పెద్దనాయిన దానికి కనుక్కున్న విరుగుడు నాకు ఇప్పటికీ అపురూపంగా అనిపిస్తుంది. ఏ పనీ లేకుండా ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో పల్లికాయ ఎట్లుందని అడిగేవాడు, ఇంకో ఇంట్లో బర్రె ఈనిందా అని అడిగేవాడు. మజ్జిగ తాగి లేచి వచ్చేవాడు. తాను వచ్చినప్పుడల్లా చావు రాదని ఆ వాకిళ్లకు అలవాటు చేయడానికి పాన్‌గల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ కాలితో తిరిగాడు.

అయినా పెండ్లిళ్లకు ఆయన్ను పిలిచేవాళ్లు తక్కువ. పత్రిక ఇచ్చినవాళ్లు కూడా 'పెద్దమ్మను తోలియ్యి' అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్దమ్మ ఊరుకునేది కాదు. "చావుకు నువ్వు కావాలె, పెండ్లికి నేను కావాల్నా? నేనెట్ల పోత?" అని పట్టుచీర మళ్లీ పెట్టెలో పడేసేది. ఆమె మాట తలచుకుంటే నాకిప్పుడు కూడా కోపం వస్తుంది, ఊరి మీద.

ఇంట్లో మాత్రం ఆయన పద్ధతి పెద్దమ్మకు పెద్ద తలనొప్పి. దుకాణానికి పంపినా, కూతురికి ఫోన్‌లో ఏదైనా చెప్పమన్నా, చివర్న 'ఏదీ, నేనేం జెప్పిన్నో మళ్ల నువ్వు జెప్పు' అనేవాడు. "ఉప్పు ప్యాకిటి, అగ్గిపెట్టె. నేనేమన్న బడిపిల్లనా అప్పజెప్పనీకి?" అని ఆమె కసురుకునేది. ఇంకో విచిత్రం ఫోను. నిలబడి ఉండగా మోగితే ఎత్తేవాడు కాదు. ఎక్కడున్నా వెతుక్కుని కూర్చునేవాడు, ఊపిరి తీసుకునేవాడు, అప్పుడు బటన్ నొక్కేవాడు. చాలాసార్లు అది పాటలు పెట్టుకొమ్మని కంపెనీ వాళ్లు చేసిన ఫోనే అయ్యేది. దాన్ని కూడా కూర్చునే వినేవాడు, చివరిదాకా.

ఒకసారి నన్ను వెంట తీసుకుపోయాడు. సెలవుకు ఊరికి వచ్చి ఉన్నాను. పక్క ఊరి కుర్రాడు పుణెలో బిల్డింగు మీది నుంచి పడి చనిపోయాడు. తల్లి ఒక్కతే ఇంట్లో, పక్కింటివాళ్లు పత్తి చేలకు పోయారు. ఆడమనిషి ఎవరైనా పక్కన కూర్చోవాలి, నువ్వు రా బిడ్డా అన్నాడు. పోయాను. ఆమె జొన్నరొట్టె చేస్తోంది. ఆయన పొయ్యి ఆర్పేదాకా ఆగాడు. కూర్చోబెట్టాడు, నన్ను ఆమె పక్కన కూర్చోమన్నాడు, చెప్పాడు. కొడుకు పేరు పెట్టి చెప్పాడు, ఎక్కడ, ఎట్లా, రేపు పీనుగను ఎవరు తెస్తారు, అన్నీ. ఆమె ఏడవలేదు. పిండి అంటిన చేతులు చూసుకుంటూ ప్రతి మాటకూ తల ఊపింది.

"అక్కా, నేనేం జెప్పిన్నో మళ్ల నువ్వు జెప్పు" అన్నాడు పెద్దనాయిన.

 కొడుకు పోయాడని తల్లి నోటితో అనిపిస్తారా? ఆమె తల ఊపింది. ఆయన మళ్లీ అడిగాడు, గొంతు పెంచకుండా. ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఆయన మూడోసారి అడిగాడు. అప్పుడు ఆమె అన్నది, "నా కొడుకు సచ్చిపోయిండు." అని నా మీదకు ఒరిగిపోయింది. ఆ ఏడుపు పక్కనున్న నా ఒంట్లోకి కూడా వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయన్ను తిట్టాను. నీకు గుండె ఉందా, నువ్వు మనిషివేనా అన్నాను. ఆయన కుంటుకుంటూ బండి దాకా నడిచాడు. బండి మీద చేయి ఆనించి నిలబడి చెప్పాడు.

"గద్వాల దిక్కు ఒకూర్లె, అవుతల కర్ణాటక. పిల్లకు కొత్తగ పెండ్లయింది. మొగడు బొంబాయిల చనిపోయిండు. నేనే పోయి చెప్పిన, ఆ పిల్లకు మన మాట సగం, కన్నడం సగం. మంచిగ, చక్కగ, సమజయ్యెటట్టు చెప్పిన. అన్నిటికి తలకాయ ఊపింది. విన్నదిగద అనుకోని నేను లేచొచ్చిన. తెల్లారి పీనుగ బండితోని నేను పోయిన. ఆ పిల్ల వాకిట్ల నిలబడ్డది. స్నానం జేసి, మంచి చీర కట్టుకోని, తలల మల్లెపూలు పెట్టుకోని. నేను చెప్పినదాంట్లె రేపొస్తడన్న ముచ్చటొక్కటే ఆమెకు ముట్టింది బిడ్డా. ఇంకేం ముట్టలె. ఆ పిల్ల పూలు నేను తియ్యాల్సొచ్చింది."

ఆయన బండి సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. ఆ తర్వాత అన్నాడు.

"తల ఊపుడంటే విన్నట్టు కాదు. ఇగ చాలు, బంద్ జెయ్యి అన్నట్టు. వాళ్ల నోట్లకెళ్లి వస్తెనే నా కబురు ముట్టినట్టు. అంతదాంక అది నా కాడనే ఉన్నట్టు."

బండి ఎక్కేముందు ఇంకో మాట అడిగాడు. తన కోసం ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఇదొక్కటి తప్ప. "నేను పోయిన్నాడు మీ పెద్దమ్మకు సీరియస్ అని చెప్పనియ్యకు. నువ్వు చెప్పు. మొత్తం చెప్పు." సరేనన్నాను. ఆయన బండి స్టార్ట్ చేయకుండా నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నాకు అర్థమైంది. "నువ్వు పోయినప్పుడు పెద్దమ్మకు సీరియస్ అని చెప్పనియ్యను. నేనే చెప్త, మొత్తం చెప్త" అన్నాను. అప్పుడు కిక్కు కొట్టాడు.

పోయిన వానాకాలం ఆయనకు ఉదయాన్నే ఛాతీలో నొప్పి వచ్చింది. ఆయన కొడుకు వనపర్తి దవాఖానకు తెచ్చి నాకు ఫోన్ చేశాడు. నేను కాలేజీ నుంచి పోయేసరికే అయిపోయింది. మొహం మీద బాధ లేదు. కాలు మాత్రం ఎప్పటిలాగే చాపి ఉంది.

పెద్దమ్మ అప్పుడు ఉప్పునుంతలలో కూతురింట్లో ఉంది. కూతురు పచ్చి బాలింత. కొడుకు కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, "అక్కా, అమ్మకు సీరియస్‌గ ఉందని చెప్పి కారు తోలుత. దారిల ఏమన్నయితే ఎట్ల?" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఇట్లాంటప్పుడు మా అందరి నోళ్లూ ఆ మాటే వెతుక్కుంటాయి.

"వద్దు, నేను పోత. అప్పటిదాక ఫోన్లల్ల ఎవ్వరు ఫొటో పెట్టొద్దని చెప్పు" అన్నాను.

అప్పటికే ఆలస్యమైంది. ఊరి కుర్రాళ్లెవరో దండ వేసిన ఫొటో, దాని పక్కన కొవ్వొత్తి బొమ్మ స్టేటస్‌లో పెట్టేశారు. కొడుకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీయించడం మొదలుపెట్టాడు. అల్లుడికి ముందే తెలిసింది. అతడు పెండ్లాం ఫోనూ అత్త ఫోనూ జేబులో వేసుకుని, రీచార్జి కోసం బజారుకు తీసుకుపోతున్నానని చెప్పి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. నేను కారులో నాగర్‌కర్నూల్ దాటే దాకా నా కళ్లు దారిలో కనపడిన ప్రతి మనిషి చేతిలోని ఫోను మీదనే ఉన్నాయి. పక్కింటివాళ్లు ఎవరైనా పిట్టగోడ మీది నుంచి 'అయ్యో' అంటే చాలు. జీవితమంతా ఆయన ఏ సగం కబురునైతే ఎవరి వాకిట్లోనూ పడనియ్యలేదో, అది ఆయన కూతురి వాకిట్లోనే పడుతుంది.

కారు ఊరి బయట ఆపించి నడిచాను. పెద్దమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద మనవరాలిని బోర్లా పడుకోబెట్టి వేణ్ణీళ్లు పోస్తోంది. తలెత్తి నన్ను చూసింది. నేను ఆ ఇంటికి అంతకుముందు ఎప్పుడూ పోలేదు. ఆమె చెంబు ఒక్క క్షణం గాలిలో ఆగి, మళ్లీ ఒంగింది. తొందరపడలేదు. బిడ్డ వీపు కడిగింది, ముక్కు తుడిచింది, పాత చీర ముక్కలో చుట్టింది, సాంబ్రాణి పొగ వేసింది. నేను ఒక పక్కన నిలబడ్డాను. ఆమె మొహం నా వైపు తిరగలేదు గానీ నేను అక్కడున్న సంగతి ఆమె ఒళ్లంతటికీ తెలుస్తోంది. బిడ్డను వియ్యపురాలి చేతికిచ్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"తిన్నవా?" అంది.

నేను అడగాల్సిన మాట అది. తల ఊపాను. "పెద్దమ్మా, పెద్దనాయినకు..." అన్నాను. అంతే, ఆ తర్వాత రావాల్సిన మాట బదులు నాలుక మీదికి ఆ పాడు మాటే వచ్చి కూర్చుంది. మా అమ్మ చెప్పిన మాట, మా అవ్వ చెప్పిన మాట. పెద్దమ్మ నా నోటి వంకే చూస్తోంది.

"ఆయనే తోలిండా నిన్ను?" అని అడిగింది.

"ఔ పెద్దమ్మా."

"అట్లయితే చెప్పు."

"పెద్దనాయిన చనిపోయిండు. పొద్దుగాల గుండెల నొప్పి వచ్చింది. వనపర్తి దవాఖానల పానం పోయింది. కొడుకు పక్కన్నే ఉండె. నిన్ను తోల్కపోనీకి వచ్చిన. నువ్వు వచ్చేదాంక ఏమీ జెయ్యరు, ఆగుతరు."

ఆమె తల ఊపింది. ఊపుతూనే ఉంది. నాకు గద్వాల దిక్కు ఆ పిల్ల గుర్తొచ్చింది, నేను చూడని ఆ మల్లెపూలు గుర్తొచ్చాయి. అడగాలి.  ఆమె వయసేమిటి, నా వయసేమిటి, ఏ మొహంతో అడగను?

"అడుగు" అంది పెద్దమ్మే. "ఆయన గిట్లనే ఇడ్సి పెట్టమన్నడా? అడుగు."

"నేనేం చెప్పిన్నో... మళ్ల నువ్వు చెప్పు పెద్దమ్మా."

ఆమె రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది. "మా ఆయన సచ్చిపోయిండు" అంది. "మా ఆయన సచ్చిపోయిండు. నేను పోయేదాంక ఆగుతరు." అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, లోపలికి వినపడకుండా. నేను ఆమె వీపు పట్టుకుని కూర్చున్నాను. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది. ఇంత బరువు ఆయన ఇన్నేళ్లు ఎట్లా మోశాడో ఆ మంచం మీద కూర్చుంటే తెలిసింది.

లోపలి నుంచి కూతురు పిలిచింది. "ఎవరొచ్చిండ్రే అమ్మా?"

నేను లేవబోయాను. పెద్దమ్మ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. "నాకు నువ్వు తెచ్చినవ్. దానికి నేను జెప్త" అంది. చెంబులో మిగిలిన నీళ్లతో మొహం కడుక్కుంది. వియ్యపురాలిని కూడా లోపలికి రమ్మని సైగ చేసి, తలుపుకున్న తెర పక్కకు తీసి పోయింది.

తెర మళ్లీ పడింది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"తిన్నవా బిడ్డా?"

"ఇప్పుడే తిన్న. ఎవరమ్మా వచ్చింది?"

మంచం చప్పుడైంది. పెద్దమ్మ కూర్చున్నట్టుంది. ఆ తర్వాత ఆమె గొంతు, నింపాదిగా, ఒక్కో మాటా విడివిడిగా. సగం చెప్పలేదు, సాగదీయలేదు. చెప్పడం అయిపోయింది. 

"ఏదీ బిడ్డా, నేనేం జెప్పిన్నో మళ్ల నువ్వు చెప్పు."

 పెద్దమ్మ తొందరపెట్టలేదు. ఆయనలాగే ఆగింది.

"నాయిన సచ్చిపోయిండు" అంది ఆ పిల్ల.